డాక్టర్ స్టోన్ ఫిగర్లు, సామాన్లు సేకరించడం ఎలా: బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి

డాక్టర్ స్టోన్ అనే జపాన్ కార్టూన్ సిరీస్ చూసి, అందులో హీరో సెంకూని ఇష్టపడ్డవాళ్లకి వాడి బొమ్మ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టుకుందామని అనిపించడం సహజం. బెంగళూరులో ఉంటే తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. ఇక్కడ కామిక్స్ అభిమానుల మేళా కామిక్ కాన్ జరుగుతుంది, మాంగాలు, అంటే జపాన్ కామిక్ పుస్తకాలు దొరికే చర్చ్ స్ట్రీట్ ఉంది, జపాన్ నుంచి పార్సిళ్లు తెప్పించుకునేవాళ్లు దాదాపు ప్రతి ఆఫీసులోనూ ఒకరిద్దరు ఉంటారు. అసలు కష్టం వేరే చోట ఉంది: ఏది కొనాలి, ఏది వదిలేయాలి, కొన్నదాన్ని ఏళ్ల తరబడి పాడవకుండా ఎలా ఉంచాలి. నేను మారతహళ్లిలో ఉంటూ కొన్నేళ్లుగా ఈ సిరీస్ సామాన్లే పోగేస్తున్నాను. ఈ ఊళ్లో, మన జీతాల్లో, అద్దె ఇంటి అల్మరాలో కుదిరే పద్ధతి ఏమిటో వరసగా చెబుతాను.

1. ముందు ఒక ప్రయోగాన్ని ఎంచుకోండి

చాలామంది పాత్రని బట్టి మొదలుపెడతారు. సెంకూవి ఎన్ని దొరికితే అన్ని కొంటారు. అలా చేస్తే కొన్నాళ్లకి అల్మరా నిండా ఒకే తెల్లజుట్టు కుర్రాడు నిలబడి ఉంటాడు. అది నిల్వ అవుతుంది కానీ సేకరణ కాదు. ఈ కథని మిగతా వాటి నుంచి వేరు చేసేది అందులో తయారయ్యే వస్తువులు. మనుషులంతా రాయిగా మారిపోయి 3,700 ఏళ్లు గడిచాక, సెంకూ 5738 ఏప్రిల్ 1న లేచి, చేతిలో ఏమీ లేకుండా మొదలుపెడతాడు. గుహలో గబ్బిలాల రెట్ట నుంచి కారే నైట్రిక్ ఆమ్లం, ద్రాక్షతో కాచిన ఆల్కహాలు కలిపి రాతిని కరిగించే ద్రావణం చేస్తాడు. గవ్వల నుంచి సబ్బు చేస్తాడు. తర్వాత ఇనుము, కరెంటు, గాజు, సల్ఫా మందు, చివరికి ఫోను.

అందుకే నా సలహా: ఒక ప్రయోగాన్ని పట్టుకోండి. దాని చుట్టూ ఉన్నవాళ్లనే కొనండి. ఉదాహరణకి గాజు తయారీ అనుకున్నారనుకోండి, సెంకూతోపాటు పల్లె కుర్రాడు క్రోమ్, ముసలి పనివాడు కసెకి కావాలి. కోలా సీసా అనుకుంటే మాటల గారడీ చేసే గెన్ కావాలి, ఎందుకంటే ఆ సీసా అడిగినవాడు వాడే. తేనె, కొత్తిమీర, నిమ్మ కలిపి సెంకూ కోలా చేసిన ఘట్టం గుర్తుండే ఉంటుంది. మన వంటింట్లో ఆ మూడూ ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ఆ సీన్ నాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది. రామెన్ సీన్ కూడా అంతే. సెంకూ నూడుల్స్ చేసింది అడవి గడ్డి గింజలతో. ఆ గడ్డి మన కొర్రలకి మూలమైన జాతి. రాయలసీమ నుంచి వచ్చిన నా స్నేహితుడు సేకరణలో మొదట పెట్టింది పుచ్చకాయ తొడుగు పెట్టుకునే చిన్నపిల్ల సుయికా కీచైనూ, చిన్న సీసాలో కొర్రలూ. చూసినవాళ్లంతా ఆగి అడుగుతారు, ఇవెందుకు ఇక్కడ అని. ఆయన కథంతా చెబుతాడు.

ప్రయోగం తేల్చుకున్నాక నెలకి ఎంత పెట్టగలరో రాసుకోండి. అద్దె, ఇంటికి పంపే డబ్బు, ఈఎంఐలు పోను మిగిలినదాంట్లోంచే. బొమ్మ కోసం క్రెడిట్ కార్డు వాయిదాల్లోకి వెళ్లకండి. జపాన్‌లో అయిపోయిన బొమ్మ కూడా పాత సరుకుగా మళ్లీ దొరుకుతూనే ఉంటుంది, ఇప్పుడు కొనకపోతే ఇక దొరకదన్న భయం చాలాసార్లు ఉత్తిదే.

2. కథ దగ్గర పెట్టుకోండి

ఫిగర్ కంటే ముందు మాంగా. రిఇచిరో ఇనగాకి రాశారు, బోయిచి గీశారు. 2017 మార్చి నుంచి 2022 మార్చి దాకా వీక్లీ షోనెన్ జంప్ అనే జపాన్ పత్రికలో వచ్చింది, ప్రధాన కథ 26 సంపుటాలు. సైన్స్ సరిచూడటానికి కురారే అనే సలహాదారు కూడా ఉన్నారు. ఇంగ్లీషు సంపుటాలు విజ్ సంస్థవి. చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్, బుక్‌వార్మ్ రెండింటిలోనూ మాంగా అరలు ఉన్నాయి, పాత ప్రతులు కూడా అప్పుడప్పుడు తగులుతాయి. అన్నీ ఒకేసారి కొననక్కర్లేదు, మీ ప్రయోగం ఉన్న సంపుటాలు చాలు. బొమ్మ పక్కన ఆ పేజీ తెరిచి పెడితే దానికి వచ్చే అందమే వేరు.

అనిమే, అంటే టీవీ కార్టూన్ సిరీస్, టీఎంఎస్ ఎంటర్‌టైన్‌మెంట్ చేసింది. మొదటి సీజన్ 2019 జూలైలో, స్టోన్ వార్స్ 2021 జనవరిలో, న్యూ వరల్డ్ 2023 ఏప్రిల్‌లో, సైన్స్ ఫ్యూచర్ 2025 జనవరిలో మొదలయ్యాయి. ఈ తేదీలు ఊరికే చెప్పడం లేదు. కొత్త సీజన్ వచ్చే ముందూ వెనకా సామాన్లు ఎక్కువగా విడుదలవుతాయి. పాత బొమ్మల ధర కూడా అప్పుడే పెరుగుతుంది. సీజన్ అయిపోయి నాలుగైదు నెలలు గడిచాక కొనేవాళ్లకి లాభం.

3. ఏ రకం ఏమిటో తెలుసుకోండి

ప్రైజ్ ఫిగర్లు జపాన్ గేమ్ సెంటర్లలో క్రేన్ మెషిన్లలో గెలుచుకోవడానికి చేసినవి. అక్కడ గెలిచినవాళ్లు పాత సామాన్ల దుకాణాలకి అమ్ముతారు, అక్కడి నుంచి మన దాకా వస్తాయి. డాక్టర్ స్టోన్‌కి బాన్‌ప్రెస్టో వాళ్ల ఫిగర్ ఆఫ్ స్టోన్ వరల్డ్ వరస ఉంది. మొదలుపెట్టేవాళ్లకి ఇదే సరైన చోటు. ధర తక్కువ, పరిమాణం బాగుంటుంది, రంగులు పర్వాలేదు. బాన్‌ప్రెస్టో అనేది ఇప్పుడు బందాయ్ స్పిరిట్స్ కింద ఉన్న బ్రాండు, పెట్టె మీద రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడకండి.

నెండొరాయిడ్లు గుడ్ స్మైల్ కంపెనీవి. పెద్ద తల, సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు, మార్చుకునే ముఖాలు, చేతులు. సెంకూ నెండొరాయిడ్ ఉంది. ఆఫీసు బల్లకి ఇది బాగా నప్పుతుంది. స్కేల్ ఫిగర్లంటే 1/7, 1/8 లాంటి కొలతలో జాగ్రత్తగా చేసిన ఖరీదైన బొమ్మలు. సేకరణలో మొదటి ఏడాది వీటి జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఇక అక్రిలిక్ స్టాండ్లు, బ్యాడ్జీలు, రబ్బరు కీచైన్లు, క్లియర్ ఫైళ్లు. పీజీలో ఉండేవాళ్లకి నిజంగా పనికొచ్చేవి ఇవే. అక్రిలిక్ స్టాండు కవరులో పట్టేస్తుంది, పోస్టు ఖర్చు తక్కువ, దుమ్ము తుడవడం తేలిక. బ్యాడ్జీలు మాత్రం ఎక్కువగా మూసిన కవర్లలో వస్తాయి, లోపల ఎవరున్నారో తెలియదు. ఫలానా పాత్రే కావాలంటే కవరు విప్పి విడిగా అమ్మేవాళ్ల దగ్గర కొనండి.

ఇదే పద్ధతి మిగతా సైన్స్ సిరీస్‌లకీ పనికొస్తుంది. స్టైన్స్ గేట్ అనిమే వచ్చింది 2011లోనే, అయినా దాని సామాన్లు పాత సరుకులో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒంట్లోని కణాలే పాత్రలుగా ఉండే సెల్స్ ఎట్ వర్క్ నచ్చినవాళ్లకి తెల్ల రక్తకణం, ప్లేట్‌లెట్ నెండొరాయిడ్లు ఉన్నాయి. బయాలజీ చెప్పే టీచర్లకి ఇంతకంటే మంచి బహుమతి నాకు తోచదు.

4. అసలుదా నకిలీదా చూడండి

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి, డబ్బు పోయేది ఇక్కడే.

ముందు పెట్టె చూడండి. తయారీదారు లోగో అచ్చు పదునుగా ఉండాలి. పెట్టె కింది వైపునో వెనకనో హక్కుల వరస ఒకటి ఉంటుంది, అందులో బోయిచి, మాంగా ప్రచురించిన షూయేషా, డాక్టర్ స్టోన్ నిర్మాణ కమిటీ పేర్లు ఉండాలి. జపనీస్ రాకపోయినా ఫర్వాలేదు, ఫోన్ కెమెరాతో అనువాదం చేస్తే తెలిసిపోతుంది. ఆ వరసే లేని పెట్టె అయితే పక్కన పెట్టేయండి. మేడ్ ఇన్ చైనా అని ఉంటే నకిలీ అనుకునేవాళ్లున్నారు. అది తప్పు, అసలువి కూడా చాలావరకు చైనాలోనే తయారవుతాయి.

ఇంకో అపోహ ఉంది. పెట్టె మీద తోయె అనే అనిమే సంస్థ వాళ్ల మెరిసే స్టిక్కరు లేకపోతే అసలుది కాదని చెబుతుంటారు. డ్రాగన్ బాల్, వన్ పీస్ లాంటి తోయె సిరీస్‌ల బొమ్మలకి ఆ మాట వర్తిస్తుంది. డాక్టర్ స్టోన్ చేసింది టీఎంఎస్. దీని మీద ఆ స్టిక్కరు ఉండాల్సిన పని లేదు, పైగా ఉంటేనే అనుమానించాలి.

తర్వాత బొమ్మ. సెంకూ ముఖం దగ్గరగా పట్టుకుని చూడండి. కళ్లు ఎర్రగా, అంచులు చెదరకుండా ఉండాలి. కనుబొమల దగ్గర నుంచి నుదుటి మీదికి వెళ్లే పగులు గీతలు సన్నగా, తెగకుండా ఉండాలి. నకిలీ బొమ్మల్లో ఆ గీతలు లావైపోతాయి, లేదా ఒకటి కిందికి జారి కంటిలో కలుస్తుంది. జుట్టు తెలుపు నుంచి కొసల్లో ఆకుపచ్చకి మెల్లగా మారాలి. నకిలీలో ఆ మార్పు ఉండదు, బ్రష్షు ముంచి తీసినట్టు ఒక గీత దగ్గర పచ్చరంగు మొదలైపోతుంది. దుస్తుల మీద ఐన్‌స్టీన్ సూత్రం (E=mc²) ఉంటే అక్షరాలు చదవండి. చదవడానికి రాకపోతే కొనకండి. చర్మం నూనె రాసినట్టు మెరుస్తున్నా, పెట్టె తెరవగానే ఘాటైన పెయింటు వాసన ముక్కుకి కొట్టినా, స్టాండు మేకు పాదం కింద గుంతలో సరిగా దిగకపోయినా నాకైతే అంతటితో బేరం ముగిసినట్టే.

ఆన్‌లైన్లో ఎవరిదగ్గరైనా పాతది కొంటుంటే కంపెనీ ఫోటోలు కాకుండా వాళ్లు తీసిన ఫోటోలు అడగండి. బొమ్మ పక్కన కాగితం మీద ఆ రోజు తేదీ రాసి తీయమనండి. నిజాయితీగా అమ్మేవాళ్లు రెండు నిమిషాల్లో పంపిస్తారు.

ధర కూడా చూడాలి. కొత్త ప్రైజ్ ఫిగర్ మన దేశంలో దాదాపు రెండు వేల నుంచి మూడున్నర వేల మధ్య పలుకుతుంది. అదే బొమ్మ ఆరేడు వందలకి ఎవరైనా ఇస్తున్నారంటే, జపాన్ నుంచి తెప్పించడానికి అయ్యే పోస్టు ఖర్చు కూడా అందులో రాదు. ఆ లెక్క వేసుకుంటే అది ఎక్కడిదో మీకే అర్థమవుతుంది.

5. బెంగళూరులో కొనడం

కామిక్ కాన్ బెంగళూరు ఏటా జరుగుతుంది, ఈ మధ్య వైట్‌ఫీల్డ్‌లోని కేటీపీఓ ప్రదర్శనశాలలో పెడుతున్నారు. పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా వెళుతుంది కాబట్టి బండి తీసుకెళ్లకండి. ఆ రోజుల్లో పార్కింగ్ కోసం తిరగడంలోనే పొద్దు గడిచిపోతుంది. అరుదైనది కావాలంటే మొదటి రోజు గేటు తెరవగానే వెళ్లండి. బేరం కావాలంటే ఆఖరి రోజు సాయంత్రం వెళ్లండి. మిగిలిన సరుకు మళ్లీ మోసుకెళ్లడం ఇష్టం లేక చాలామంది తగ్గిస్తారు. బేరం ఆడేటప్పుడు ఒకటి కాకుండా రెండు మూడు కలిపి అడగండి.

స్టాల్లో తెలుగు కుర్రాడు కనిపిస్తే మాట కలుస్తుంది కానీ బిల్లు మాత్రం మరవొద్దు. "అన్నా, బిల్లు ఇస్తావా, ఏ డిస్ట్రిబ్యూటర్ దగ్గర తెచ్చావు?" అని అడగండి. "బిల్లెందుకు బ్రో, ఒరిజినలే" అన్న జవాబు వస్తే నమస్కారం పెట్టి ముందుకి నడవడమే. పెట్టె తెరిచి చూపించమనడంలో తప్పు లేదు, సీలున్న పెట్టె అయితే కిటికీలోంచి ముఖం చూడండి.

అక్కడే ఆర్టిస్టులు కూర్చునే వరస ఒకటి ఉంటుంది. మన కుర్రాళ్లు, అమ్మాయిలు సొంతంగా గీసిన ప్రింట్లు, స్టిక్కర్లు అమ్ముతారు. కంపెనీ సామాన్లలో ఎక్కువగా సెంకూ, యోధురాలు కొహాకులే కనిపిస్తారు, కసెకి లాంటి ముసలాయన్ని ఎవరూ పట్టించుకోరు. ఆయన్ని ప్రేమగా గీసేది ఈ ఆర్టిస్టులే. నా దగ్గరున్న వాటిలో అందరికీ ముందు చూపించేది అక్కడ కొన్న కసెకి ప్రింటే, గాజు సీసా ఊదుతూ పొంగిపోతున్న ముఖం.

6. జపాన్ నుంచి తెప్పించడం

కొత్తవి ముందస్తు బుకింగులో దొరుకుతాయి. గుడ్ స్మైల్ సొంత దుకాణం, అమిఅమి లాంటి జపాన్ ఆన్‌లైన్ దుకాణాలు విదేశాలకి పంపుతాయి. బుక్ చేసిన ఆరు నెలలకో, ఇంకా ఆలస్యంగానో వస్తుంది, విడుదల తేదీ వెనక్కి జరగడం మామూలే. ఒకే నెలలో విడుదలయ్యేవి రెండు మూడు కలిపి ఒకే పార్సిల్లో తెప్పించండి.

పాతవి కావాలంటే అమిఅమిలో వాడిన సరుకు విభాగం చూడండి. అక్కడ బొమ్మకి ఒక గ్రేడు, పెట్టెకి ఒక గ్రేడు వేరువేరుగా ఇస్తారు. బొమ్మ ఏ-మైనస్, పెట్టె బీ అని ఉంటే నేను కళ్లు మూసుకుని తీసుకుంటాను. జపాన్ వాళ్లు వెంట్రుకంత గీత ఉన్నా గ్రేడు తగ్గిస్తారు, మన కంటికి అది కొత్తదే. మందారాకే, సురుగాయా కూడా పాత సరుకుకి పేరున్న దుకాణాలు. మన దేశానికి నేరుగా పంపని చోట కొనాలంటే బైయీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తుల ద్వారా కొనాలి, వాళ్ల రుసుము అదనం.

పార్సిల్ ఖర్చులో ఒక కిటుకు ఉంది. ప్రైవేటు కొరియర్లు బరువుతో పాటు పెట్టె పరిమాణం కూడా లెక్కేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 40, 30, 25 కొలతలున్న పెట్టె అసలు బరువు కిలోన్నరే అయినా 6 కిలోల కింద లెక్క పడుతుంది. ఫిగర్ పెట్టెలు ఎప్పుడూ తేలిగ్గా, పెద్దగా ఉంటాయి. జపాన్ పోస్టు వాళ్ల వేగపు పార్సిల్ సేవ ఈఎంఎస్ అసలు బరువు మీదే తీసుకుంటుంది కాబట్టి ఫిగర్లకి అదే చవక. అక్రిలిక్ స్టాండ్లు, బ్యాడ్జీలు అయితే దేంట్లో తెప్పించినా పెద్ద తేడా రాదు.

ఇక కస్టమ్స్. 2020లో ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి పెరిగింది, 2023లో 70 అయింది. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. సొంత వాడకానికి వచ్చే పార్సిళ్లకి లెక్క వేరు. కానీ పెట్టె తెరిచి చూసే అధికారికి అది అలంకరణ వస్తువా ఆటబొమ్మా అన్న ప్రశ్న వస్తుంది, అప్పుడు పార్సిల్ ఆగవచ్చు, ఉత్తరం రావచ్చు. ఆర్డరు కాగితం, డబ్బు కట్టిన రసీదు, ఆధార్ లేదా పాన్ కాపీ సిద్ధంగా ఉంచుకోండి. సుంకం మీద సర్‌ఛార్జి, ఆ మొత్తం మీద జీఎస్టీ పడతాయి. రేట్లు బడ్జెట్‌తో మారతాయి కాబట్టి కొనేముందు ఆనాటి రేటు చూసుకోండి. నేను వాడే లెక్క ఒకటే: బొమ్మ ధర, పోస్టు ఖర్చు కలిపి, దాని మీద సగం నుంచి ముప్పావు వంతు దాకా పక్కన పెట్టుకుంటాను. ఆ మొత్తానికి కూడా బొమ్మ కావాలనిపిస్తేనే ఆర్డరు పెడతాను. ధర తగ్గించి రాయమని, బహుమతి అని రాయమని అమ్మేవాళ్లని అడగకండి. పట్టుబడితే జరిమానా మీ మీదే పడుతుంది.

ఆన్‌సైట్ పని మీద టోక్యో వెళ్లే స్నేహితులుంటే అదృష్టమే. అకిహబారా, నకనో బ్రాడ్‌వే, ఇకెబుకురోలోని అనిమేట్ దుకాణం పేర్లు వాళ్లకి ముందే రాసివ్వండి. కావలసిన బొమ్మ పెట్టె ఫోటో కూడా పంపండి. సూట్‌కేసులో పెద్ద పెట్టె పెట్టమని ఇబ్బంది పెట్టొద్దు, అక్రిలిక్ స్టాండ్లు, బ్యాడ్జీలు చెప్పండి. తిరిగొచ్చాక డబ్బు అదే రోజు ఇచ్చేయండి.

7. అల్మరా సర్దడం

అద్దాల అల్మరా కోసం అందరూ చెప్పే ఐకియా డెటోల్ఫ్ ఇప్పుడు రావడం లేదు, దాని స్థానంలో బ్లోలిడెన్ వచ్చింది. నాగసంద్ర మెట్రో దిగితే ఐకియా పక్కనే. అంత ఖర్చెందుకు అనుకుంటే వీధి చివర గ్లాస్ పనివాడితో ఉన్న పుస్తకాల అరకే అద్దం తలుపులు పెట్టించుకోవచ్చు. బెంగళూరులో ఎక్కడ చూసినా ఇల్లో మెట్రోనో కడుతూనే ఉంటారు, తలుపులేని అర మీద వారం తిరగకుండా దుమ్ము పేరుకుంటుంది.

సర్దే పద్ధతి మన బొమ్మల కొలువు నుంచే తీసుకోండి. వెనక వరస ఎత్తులో, ముందు వరస కిందన. మెట్ల కోసం పాత పుస్తకాలు, చెక్క ముక్కలు చాలు. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చినప్పుడు నా అల్మరా చూసి, "అందరినీ ఒకే వరసలో నిలబెట్టావేంట్రా, వెనకాల పిల్ల ఎవరో కనిపించడం లేదు" అని సుయికాని పైమెట్టు ఎక్కించింది. అప్పటి నుంచి సుయికా అక్కడే ఉంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పని చెబుతాను. మీరు ఎంచుకున్న ప్రయోగానికి సంబంధించిన నిజమైన వస్తువులు బొమ్మల పక్కన పెట్టండి. ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణంలో వేడి తట్టుకునే బోరోసిలికేట్ గాజు టెస్ట్ ట్యూబులు, చిన్న గుండ్రటి ఫ్లాస్కు దొరుకుతాయి. ఎస్పీ రోడ్డుకి వెళ్తే రాగి తీగ, అయస్కాంతాలు, చిన్న ఎల్ఈడీలు దొరుకుతాయి. తీగ చుట్టి, మధ్యలో అయస్కాంతం కదిపి, సెంకూ బొమ్మ ముందు ఎల్ఈడీని ఒక్క క్షణం వెలిగించి చూడండి, ఫెరడే సూత్రం మీ అల్మరాలోకి వచ్చేస్తుంది. ఇసుకలో అయస్కాంతం తిప్పితే నల్లటి ఇనుప రేణువులు అంటుకుంటాయి, వాటిని సీసాలో పోసి పెట్టండి. ఫోను ఘట్టం ఇష్టమైనవాళ్లకి ఇంకో సంగతి. వాక్యూమ్ ట్యూబుల కోసం సెంకూ వెతికిన టంగ్‌స్టన్ ఉండే షీలైట్ ఖనిజం మనకి పక్కనే ఉన్న కోలార్ బంగారు గనుల ప్రాంతంలోనూ దొరికింది. అల్ట్రావయొలెట్ వెలుగులో అది నీలంగా మెరుస్తుంది. ఖనిజాల నమూనాలు అమ్మేవాళ్ల దగ్గర చిన్న ముక్క దొరికితే వదలకండి.

ఆమ్లాలు మాత్రం ఇంట్లోకి తేకండి. నైట్రిక్ ఆమ్లం సీసా ఉండాలన్న సరదా ఉంటే ఫ్లాస్కులో నీళ్లు పోసి చీటీ అంటించండి.

8. పాడవకుండా చూసుకోవడం

ఫిగర్లు పీవీసీ, ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తారు. పీవీసీ మెత్తగా ఉండటానికి అందులో ప్లాస్టిసైజర్ అనే రసాయనం కలుపుతారు. గాలి ఆడని చోట, వేడిలో ఉంచితే అది మెల్లగా పైకి వచ్చి బొమ్మ జిగురుగా తయారవుతుంది. ఆ జిగురు మీద దుమ్ము పడితే ఇక తుడిచినా పోదు. అందుకే అల్మరా తలుపు వారానికోసారి కాసేపు తెరిచి పెట్టండి. కొన్న బొమ్మని ఏళ్ల తరబడి పెట్టెలోనే మూసి ఉంచడం మంచిదనుకోవద్దు.

జిగురు వచ్చిందా, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా కడగండి. ఇక్కడ బెంగళూరువాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా వచ్చేది బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో. ఆరాక బొమ్మ మీద తెల్లటి మచ్చలు పడతాయి, ముదురు రంగు దుస్తుల మీద మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఆ తెలుపు ఎక్కువగా కాల్షియం కార్బొనేటే, సెంకూ గవ్వల నుంచి తీసుకున్న అదే పదార్థం. కాబట్టి చివరిసారి ఫిల్టరు నీళ్లతో కడిగి, తువ్వాలు మీద బోర్లించి, ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టకండి.

ఎండ అసలు పనికిరాదు. సెంకూ జుట్టు తెలుపు కాబట్టి ముందు అదే పసుపెక్కుతుంది. తూర్పు, పడమర కిటికీలకి ఎదురుగా అల్మరా పెట్టకండి. వేసవిలో ఆగి ఉన్న కారులో పార్సిల్ వదిలితే లోపలి వేడికే బొమ్మ వంగిపోవచ్చు. వంగిన బొమ్మని చూసి బెంగ పడకండి. వంగిన భాగాన్ని వేడినీళ్లలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. సరిచేసి పట్టుకుని, అలాగే చల్లనీళ్లలో ముంచితే నిలబడుతుంది. మరిగే నీళ్లు వద్దు, రంగు పోతుంది.

అల్మరాలో కలరా ఉండలు వేయకండి. చీరల బీరువాలో అలవాటు కొద్దీ మనవాళ్లు వేసేస్తారు. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. వానాకాలం తేమకి సిలికా జెల్ పొట్లాలు చాలు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రావణం రంగుని ఊడగొడుతుంది, దాన్ని దగ్గరికి కూడా రానివ్వొద్దు. రబ్బరు కీచైన్లని అక్రిలిక్ స్టాండ్లకో క్లియర్ ఫైళ్లకో ఆనించి ఉంచితే కొన్నాళ్లకి అతుక్కుని అచ్చు ఊడుతుంది, వాటి మధ్య తెల్లకాగితం పెట్టండి.

9. పెట్టెలు, ఇల్లు మారడం, అమ్మడం

పెట్టెలు పారేయకండి. బెంగళూరులో అద్దె పెరిగినప్పుడల్లా ఇల్లు మారక తప్పదు. అలాంటప్పుడు లోపలి ప్లాస్టిక్ అచ్చులో పడుకోబెట్టిన బొమ్మకి దెబ్బ తగలదు. చోటు లేకపోతే బయటి అట్టపెట్టె మడతలు విప్పి పరిచి, లోపలి అచ్చులు ఒకదాంట్లో ఒకటి దూర్చి అటక మీద పెట్టండి. ప్యాకర్స్ వాళ్లకి బొమ్మల పెట్టె ఇవ్వకుండా మీతో ఆటోలో తీసుకెళ్లండి.

ఒక నోటుబుక్కులోనో ఫోన్లోనో ప్రతి వస్తువుకీ పేరు, తయారీదారు, ఎక్కడ కొన్నారు, పోస్టుతో సుంకంతో కలిపి ఎంత అయింది, పెట్టె ఉందా లేదా అన్నవి రాసుకోండి. అభిరుచి మారి ఏదైనా అమ్మాలనుకున్నప్పుడు ఆ వివరాలే మీకు సాక్ష్యం. అమ్మేటప్పుడు జిగురు, పసుపు మరక, ఊడిన రంగు, ఏది ఉన్నా ఫోటో తీసి ముందే చూపించండి. తోటి సేకర్తలకి అమ్మితే పోస్టులో పంపే బదులు మెట్రో స్టేషన్లో కలిసి చేతికిచ్చేయండి, వాళ్లు పెట్టె తెరిచి ముఖం మీది గీతలు చూసుకుని డబ్బు ఇస్తారు.